గంటన్నర దూరం

అత్తా,

నిన్న విమానం ఎక్కాను. దమ్‌దమ్‌లో లేచి విశాఖపట్నంలో దిగడానికి గంటన్నర పట్టింది. మన వాట్‌గంజ్ నుంచి దమ్‌దమ్ చేరడానికే అంతకంటే ఎక్కువ పట్టింది.

మా అమ్మ పోయిందని శ్రీకాకుళం నుంచి టెలిగ్రాం వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నేను చీర మార్చుకుని గుమ్మంలో నిలబడితే, నువ్వు గంజి వారుస్తూ తలైనా తిప్పలేదు. "రాత్రంతా రైల్లో పోవాల. నువ్వెల్లీసరికి కట్టె కాలిపోద్ది. అంత దూరమెల్లి ఏటి సూస్తావే?" అన్నావు. నీ పెద్దకొడుకు తొడుక్కున్న చెప్పులు విప్పేశాడు. నేను వెళ్ళలేదు.

పోయేముందు నువ్వే నా చెయ్యి పట్టుకున్నావు. "నన్ను గంగలో కలపొద్దే. మన నాగావళికి తీసుకుపో" అన్నావు. దేశమంతా అస్థికలు మోసుకుని ఆ గంగకే పోతుంది. నీకు మాత్రం మన ఏరే కావలసి వచ్చింది.

ఓడల డాక్‌లో సెలవు దొరక్క, నీ పెద్దకొడుకు నాకు టిక్కెట్టు కొన్నాడు. ఎర్రగుడ్డ కట్టిన ముంత చేతికిచ్చి, "అమ్మని ఒళ్ళోనే ఎట్టుకో" అన్నాడు. అలాగే పెట్టుకున్నాను. శ్రీకాకుళంలో నీ చిన్నకొడుకు మొలలోతు నీళ్ళలో దిగి, కళ్ళు మూసుకుని దాన్ని నాగావళిలో ఒంపాడు. ఒడ్డుకొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అతను కలిపింది మన కుంపటి బూడిద. నిన్ను బయల్దేరే ముందే అక్కడే గంగలో ఒంపేశాను.

అంత దూరమెల్లి ఏటి సూస్తావు, అత్తా?