నలుపు కింద

అక్కకు తమ్ముడి నమస్కారాలు. నాన్న మోకాలిని మినహాయిస్తే ఇక్కడ ఇద్దరం క్షేమం. నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను.

నాన్న మందులు వేసుకుంటున్నాడా అని అడిగావు. వేసుకుంటున్నాడు, నన్ను తిట్టుకుంటూనే. కారు జోలికి ఎందుకు వెళ్లామనీ అడిగావు. అమ్మ పోయాక పదకొండేళ్లు షెడ్డులో పడి ఉన్నదాన్ని బయటికి తీయమన్నది నాన్నే. "కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చెయ్యరా, ఒక్కసారి చూసుకుంటాను" అన్నాడు.

ఇంజను ఇబ్బంది పెట్టలేదు, చక్రాల కుదుపు ఆపే సస్పెన్షన్‌కు రంగు వేసే దగ్గర చిక్కొచ్చింది. స్ప్రింగులకు నలుపని తెలుసు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు అసలు రంగేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఒకరు వెండి రంగన్నారు, ఒకరు నలుపే అన్నారు. చివరికి పని మానేసిన ముసలి పెయింటరు ఒకాయన, "బోల్టు వాషర్ కింద చూడు బాబూ, అక్కడికి ఎవరి బ్రష్షూ పోదు" అన్నాడు. కుడివైపు ఆర్మ్ విప్పి చూశాను. వాషరంత మేర వానమబ్బు లాంటి బూడిద. అది రంగు కాదట, తుప్పు పట్టకుండా ఇనుమును మందులో ముంచి తీసిన పూత. నాన్న దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

అక్కా, ఇక దాచను. ప్రమాదంలో విరిగిన ఎడమవైపు ఆర్మ్ కూడా షెడ్డులోనే ఉంది. రంగు సరిచూడాలని నాన్నతో చెప్పి దాన్నీ కడిగాను. రంగు ఒక సాకు. విరిగిన చోట సగం మేర లోపలిదాకా నలుపు ఇంకి ఉంది. ఆ నలుపు నేను వేసిందే, నువ్వూ అమ్మా బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు. అంటే అప్పటికే అది పగిలి ఉంది. ఆ రోజు సన్నని గీత కనిపించింది కూడా. ఏదో గీరుకుపోయిందనుకుని పైన బ్రష్షు లాగేశాను. స్టీరింగు తిప్పినా కారు మాట వినలేదని నువ్వు ఏడ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. ఆ గీత గుర్తొచ్చింది. నోరు విప్పలేదు. అమ్మను పొట్టన పెట్టుకున్నావని నలుగురూ అన్న మాట నువ్వే మోశావు.

మొన్న నాన్నకు చెప్పాను. తిట్టలేదు. ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని, "నేనూ మీ అక్క మాట నమ్మలేదు కదరా" అన్నాడు.

క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. నిన్ను ఆ మాట అన్నవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లి నిజం చెబుతున్నాను. అందరికన్నా ఎక్కువ అన్నది పిన్ని కాబట్టి నిన్న మొదట అక్కడికే వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి అంతా వింది. తలుపు వేయలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. "దాని అడ్రసు ఇవ్వు" అంది, అంతే.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీ వెనక దాక్కున్న
తమ్ముడు