ఫేబాకు ఇల్లు, ఫ్రాంక్లిన్‌కు వెదురుబద్దలు

బాపట్ల దగ్గరి పల్లెలో పుట్టి, ప్రస్తుతం గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో ఆసుపత్రి నర్సుగా పనిచేస్తున్న, కీర్తిశేషులు ఏసురాజు గారి పెద్ద కుమార్తె దయారాణి అనే నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా. కడుపులో గడ్డ ముదిరింది గాని బుద్ధి స్థిరంగానే ఉంది. కోపం కూడా. నాకు భర్త, పిల్లలు లేరు. ఉన్నదంతా నా స్వార్జితం. దీన్ని అమలుపరిచే బాధ్యత బాపట్ల వకీలు దక్షిణామూర్తి గారిది.

1. నా కుట్టుమిషను, ప్రెషర్ కుక్కరు, గోంగూర పచ్చడి జాడీ నాతో ఒకే ఫ్లాటులో ఉంటున్న అమెరికా నర్సు వెర్నెల్‌కు చెందాలి. పచ్చడిని ఆమె రొట్టెకు రాసుకుని తింటుంది. ఎవరూ నవ్వకూడదు. ఆమె పూర్వీకులు మిసిసిపీ పత్తిచేలల్లో నల్లజాతి బానిసలు. విడుదలయ్యాక కొన్నేళ్లు ఓటు వేశారు. తర్వాత తెల్లవాళ్లు కొత్త చట్టం రాసుకుని ఆ ఓటు లాగేసుకున్నారు. వెర్నెల్ చిన్నతనంలో, బడిపంతులైన వాళ్ల నాన్న ఓటరుగా పేరు రాయించుకోబోతే, గుమాస్తా రాజ్యాంగంలోని ఒక పేరా ఇచ్చి అర్థం చెప్పమన్నాడట. చెప్పాడు. గుమాస్తా తప్పన్నాడట. సంతకమే సరిగా పెట్టలేని తెల్లవాడి పేరు మాత్రం ఎక్కించాడట. వారం తిరక్కుండా పంతులుగారి ఉద్యోగం పోయింది. అయినా మళ్లీ మళ్లీ వెళ్లాడు. తల నెరిశాక గాని ఓటు రాలేదు. ఇది విన్నాకే మా నాన్న చేతి సంగతి నేను మొదటిసారి బయటివాళ్లకు చెప్పాను.

2. మా వార్డు ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఏమీ లేదు. "పేషెంటు ఇంటివాళ్లు అమెరికన్ నర్సు కావాలంటున్నారు, నువ్వు పక్క వార్డుకు వెళ్లు" అన్నాడు వెర్నెల్‌తో. "నేను అమెరికన్నే కదా" అంది ఆమె. "నేనేమంటున్నానో నీకు తెలుసు. ఖలాస్" అన్నాడు. నాకు ఆసుపత్రిలో సంతాపసభ పెడితే ఆ మనిషి నోరు విప్పకూడదు.

3. నా తమ్ముడు ఫ్రాంక్లిన్‌కు, ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి ఉన్న వెదురుబద్దలు. అవి నాన్న విరిగిన చేతికి కట్టినవి. అప్పుడు వాడు ఉయ్యాలలో ఉన్నాడు కాబట్టి చెబుతున్నాను. ఎలక్షన్ రోజు నాన్న బూతుకు వెళితే కామందు మనుషులు కర్రలతో అడ్డం నిలబడి, "మీ పల్లె ఓట్లు పడిపోయినయ్ రా, ఇళ్లకు పొండి" అన్నారు. "నాది నేనెయ్యలేదుగా అయ్యా" అన్నందుకు చెయ్యి విరగ్గొట్టారు. అది మళ్లీ తిన్నగా అతుక్కోలేదు. ఇవాళ ఆ కామందు మనవడి కోసం పల్లెలో ఓటరు కార్డులన్నీ పోగేసేది నా తమ్ముడే. ఫోనులో నిలదీస్తే, "ఓటు ఎవరేస్తే ఏందక్కా, సిమెంటు రోడ్డొచ్చిందిగా" అన్నాడు. వచ్చింది. దాని మీద తలెత్తుకుని నడిచేదెవరు? నన్ను నాన్న పక్కనే పూడ్చాలి. నా శవపెట్టె ఫ్రాంక్లిన్ మోయకూడదు. ఏడిస్తే ఏడవనివ్వండి.

4. పల్లెలో నేను కట్టుకున్న రెండు గదుల ఇల్లు, వసారాతో సహా, ఫ్రాంక్లిన్ కూతురు ఫేబాకు, దాన విక్రయాది సర్వహక్కులతో. మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు తన కార్డు తనకిమ్మంటే తండ్రి ఇవ్వలేదు. బీరువా తెరిచి పల్లె కార్డులన్నీ తీసి ఇంటింటికీ పంచింది. బూతు దగ్గర కామందు మనవడు, "మీ నాయన్ని పిలవనా?" అని బెదిరించాడట. "పిలువు. ఆయన కార్డు కూడా తెచ్చా" అని చూపించి లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఫ్రాంక్లిన్ పిల్లను కొట్టి గెంటేశాడు. నా ఇంటి తాళంచెవి వాడి దగ్గరుంది కాబట్టి పిల్ల నా వసారాలోనే పడుకుంటోంది. నేను పోయేదాకా ఆగక్కర్లేదు. దక్షిణామూర్తి గారికి అధికారపత్రం ఇవాళే పంపుతున్నాను. వెంటనే తాళంచెవి ఇప్పించాలి. ఫ్రాంక్లిన్ ఇవ్వకపోతే తాళం పగలగొట్టించాలి.

5. ఫేబాకు ఒక్క షరతు. పోలింగు రోజు ఆ వసారా మా పల్లె ఆడవాళ్లకు తెరిచి ఉండాలి. ఎవరి కార్డు వాళ్లు పట్టుకుని అందరూ కలిసి నడిచి వెళ్లాలి. దారిలో ఆపితే అక్కడే కూర్చోవాలి గాని వెనక్కి రాకూడదు. ఎవరికి వేశావని ఏ ఆడదాన్నీ ఎవరూ అడగకూడదు, ఫేబా కూడా.

అల్ ఐన్, 2006 సెప్టెంబరు 22.

(సంతకం) దయారాణి

సాక్షులు:
బేబీ, స్టాఫ్ నర్సు
వీరరాఘవరావు, అకౌంటెంటు, మా పై అంతస్తు