నువ్వడిగిన రెండు వాక్యాలు

గిలకలదిండి,
ఆదివారం.

బావా,

ఇక్కడ అమ్మ, నాన్న, నేను క్షేమం. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను, నమ్మకం మాత్రం లేదు.

అమ్మ మోకాలి గురించి అడిగావు. తగ్గింది. నిన్న బందరు బజారుకి చేపల గంప తానే తీసుకెళ్ళింది, వద్దంటే నామీదే అరిచింది. నీకోసం ఎండు రొయ్యలు కట్టి ఉంచింది. థీసిస్ ఇవ్వడానికి పన్నెండు రోజులే ఉన్నాయని రాశావు. అది చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

మొన్న నాన్న, మీరిద్దరూ ఆ ల్యాబులో ఏం చూస్తారని అడిగాడు. కాగితం కన్నా పల్చటి స్ఫటికపు రేకు అని, అందులో పరమాణువులు త్రిభుజాలుగా కూర్చుని ఉంటాయని చెప్పాను. ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతం. పక్కదానికి ఎదురు తిరగాలని ప్రతిదానికీ పంతం. రెండు ఎదురెదురుగా నిలబడితే మూడోదానికి దారి ఉండదు. బాగా చల్లబరిస్తే ఆ ఇరుకు భరించలేక త్రిభుజమే ఒక పక్కకి సాగుతుందని, అది మా ఆయనే కనిపెట్టాడని గొప్పగా చెప్పాను.

నాన్న తడి వల ఆరేస్తూ విన్నాడు. సాయం చేద్దామని రెండో కొస నేను గుంజకి బిగించబోయాను.

"అట్టా రెండేపులా బిగించమాకే. ఆరేటప్పుడు లాగేసుద్ది, కన్నులన్నీ వంకరపోతయ్యి. చూసినోడు నేనే అట్టా అల్లాననుకుంటాడు."

తాడు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

నీ ఆఖరి ప్రశ్న ఇంతవరకూ దాటేశాను. స్ఫటికాన్ని గాజుపలక మీద ఎలా అంటించానో థీసిస్‌లో పెట్టడానికి రెండు వాక్యాలు రాసి పంపమన్నావు. ఒక్క మూలే అంటించమని నువ్వు పదిసార్లు చెప్పావు. అలా అంటించిన మొదటిది జారిపడి పగిలింది. రెండోది కూడా పోతే నీ మొహం ఎలా చూడాలో తెలియలేదు. నువ్వడిగితే "ఊఁ, ఒక్క మూలే" అన్నాను. పెళ్ళయ్యాక నీతో చెప్పిన మొదటి అబద్ధం అదే. రెండువైపులా పట్టి ఉంటే, చల్లబడేటప్పుడు జిగురూ గాజూ కూడా లాగుతాయి కదా.

భయంగా ఉంది బావా. నువ్వు కనిపెట్టిన ఆ సాగడం నా జిగురు పనే కావచ్చు. కాకపోనూవచ్చు. డబ్బాలో మూడో స్ఫటికం ఉంది. గురువారం వస్తున్నాను, ఒక్క మూలే అంటించి మళ్ళీ కొలుద్దాం. అప్పటిదాకా థీసిస్ ఇవ్వకు. ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్ళీ దాటేస్తానని ఈ ఉత్తరం ముందుగా కొరియర్‌లో పంపుతున్నాను.

నువ్వడిగిన రెండు వాక్యాలు ఇవి:

స్ఫటికాన్ని రెండు అంచుల్లోనూ జిగురుతో పలకకి బిగించడమైనది. బిగించినది మాధవీలత, ఆ సంగతి ఆమె నోటుబుక్కులో రాయలేదు.

ఇట్లు,
తిట్లు తినడానికి బయల్దేరుతున్న
నీ భార్య
మాధవి