ఎల్లోరా గడపకు మన చేని పసుపు

అవ్వా,
నేను బాగానే ఉన్నాను, కాళ్లే ఇక నడవలేమంటున్నాయి. ఫోనులో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను.

మా బీడీలు చుట్టే ఆడవాళ్లందరం నిన్న ఎల్లోరా గుహలు చూశాం. కైలాసం గుడిని కొండలోనే తొలిచారు. ఎక్కీ దిగీ నడుము పోయింది. నువ్వు మూటగట్టి ఇచ్చిన కొత్త పసుపు లోపల శివుడి గడపకు రాశానో లేదో, కాపలా ఉన్న మరాఠీ ఆమె అరుచుకుంటూ వచ్చింది.

"ఈడ పూజలు చెయ్యొద్దంట, మొత్తం తుడువుమంటుంది" అంది మన రెంజల్ ఊరి పోశవ్వ. తాగే నీళ్లు పోసి, కొంగుతో రుద్ది రుద్ది తుడిచాను.

ఆరబోసిన పసుపు ఎండిందా? మబ్బు పడితే టార్పాలిన్ కప్పమని తమ్ముడికి చెప్పు. సుష్మకు జ్వరం తగ్గిందా? అమ్మ కోసం ఏడుస్తే, నేను వారంలో వస్తానని చెప్పు. నీ షుగర్ గోలీలు మరువకు.

ఇంకొక మాట. మేం బయటికి వస్తుంటే ఆ కాపలా ఆమే ఎదురొచ్చి, మిగిలిన పసుపు ఇంటికి కావాలని అడిగింది. మూట చేతిలో పెట్టాను. ఆమె నవ్వి, అందులోంచి చిటికెడు తీసి నా నుదుట పెట్టింది. సుష్మ నాయన పోయి నాలుగేళ్లయిందని ఆమెకేం తెలుసు? మరాఠీ వచ్చిన పోశవ్వ కూడా ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

గడప మీద పసుపంతా తుడిచి వచ్చినదాన్ని, ఇది మాత్రం తుడుచుకోలేదు. కోపం చేయకు.

నీ బిడ్డ
గంగామణి