గురక ఆగితే

శ్రీను బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల నీ ఫోటోకు దండేసి, మన కొడుకు శ్రీనుతోని దవాఖానకు పోయిన.

వానికి అచ్చం నీ గురకనే వచ్చింది. సూరత్ పక్కన సచిన్‌ల ఉన్న కార్ఖానాల బట్ట నేసే సాంచా కాడ నిలబడే కునికిపాట్లు పడుతుండని సేఠ్ కోపం జేసిండు. మొన్న మన తెలుగు డాక్టర్ చిన్న మిషనిచ్చి, ఇంటికాడనే కట్టుకొని పండుమన్నడు. ఛాతికి పట్టీ, వేలికి క్లిప్పు, ముక్కుకాడ సన్నని గొట్టం. అంతే.

ఆ రాత్రంతా ఇయ్యాల కంప్యూటర్ల చూపెట్టిండు. వాని ఊపిరి గీతలు గీతలుగ, పడుగు పరిచినట్టే ఉన్నది. నడుమ నడుమ ఖాళీ.

"అక్కడ ఊపిరి ఆగిందమ్మా. ఆగిన ప్రతిసారీ మీవాడికి తెలియకుండా ఒళ్ళే లేపింది" అన్నడు.

పోగు తెగంగనే సాంచా ఆగుతది, నువ్వు ఉరికొచ్చి అతికి మళ్ల నడిపేటోనివి. వాని లోపల ఎవరు కూసున్నరయ్యా, తెల్లారేదాక కన్ను మూయకుండ ఒక్కొక్క పోగు అతికేటోళ్ళు? నీకు సుత అన్నేండ్లు అట్లనే అతికి ఉంటరు.

ఊపిరి ఆగకుండ వానికి ఇంకో మిషన్ ఇస్తరట. ఇగ ఫికర్ లేదన్నడు.

సాంచా ఆగితే పోగు తెగిందని ఈ సూరత్‌ల నాకు ఎర్క లేదా? నీ గురక ఆగితే మాత్రం, హమ్మయ్య, మంచిగ నిద్ర పట్టిందని నేను అటు తిరిగి పండుకునేదాన్ని.

పోయినేడు ఇదే దినం సుత గట్లనే పండుకున్న.