పేరు నీది, పని వాడిది

చిరంజీవి కోడలికి నీ అత్తయ్య దీవించి రాస్తున్నది. అక్కడ హాస్టల్లో నువ్వు వేళకు తిని, కంటి నిండా నిద్రపోతున్నావని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. మిగతా సంగతులు నిదానంగా చెబుతాను. కంగారుపడి చివరి పేజీ ముందు చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. కూర్చున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది, లేచి నిలబడితేనే మొరాయిస్తుంది. కుట్టు మిషనుకి మోటారు పెట్టించుకోమని పోరుతున్నావు కదా, పెట్టించాను. పక్కింటావిడ చూసి, "కోడలి మాట వినే అత్తని నిన్నే చూశా" అంది. "ఏం చేయను, వినేదాకా వదలదు" అన్నాను.

నీతో నర్సు చదువు చదివే అమ్మాయి మన పరుపుల స్కీములో చేరతానంటోంది, చేర్పించనా అని రాశావు. వద్దు. ఒంటినొప్పులు పోగొట్టే అయస్కాంతపు పరుపని కొన్నాం కదా, అది నువ్వు వెళ్లినప్పటి నుంచీ గోడకి ఆనించే ఉంది. మీ ఆయన చేర్పించిన తోటి మాస్టార్ల ఇళ్లలోనూ అదే వరస. పరుపు మీద పడుకున్నవాడు ఒక్కడూ లేడు, ఇంకో ఇద్దరిని చేర్పించడానికి పరుగెత్తినవాళ్లే అందరూ. కొత్తగా చేరినవాళ్ల డబ్బునే పైవాళ్లకి వాటాలుగా పంచారు. కొత్తవాళ్లు దొరకడం ఆగేసరికి కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారివి, ఆ మాత్రం లెక్క చూసుకోలేదా అని మొహం మీదే అడిగాను. "చూడాలనిపించలేదమ్మా. స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టారు" అన్నాడు.

ఆయన ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నారు, నా మీద కోపమా అని కూడా అడిగావు. కోపం కాదమ్మా, మొహం చెల్లక. ఇప్పటిదాకా నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేనూ మొదలుపెడతాను. అందుకే రాస్తున్నాను.

పోలీసుల నోటీసు వచ్చింది. అది నీ పేరు మీద వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి ఇలాంటి వ్యాపారం చేయకూడదని వాడు నీ పేరుతో చేరాడు. నువ్వు ప్రయాణం హడావుడిలో బట్టలు సర్దుకుంటూ, చూపించిన చోటల్లా సంతకం పెట్టేశావు. కాగితాల ప్రకారం అంతమందినీ చేర్పించింది నువ్వే.

లాయరు దగ్గరికి వెళ్తే ఆయన గొంతు తగ్గించి, "మాస్టారూ, మీరు నోరు మెదపకండి. పేరు ఆవిడది. ఆడమనిషి, బెయిలు తేలిగ్గా వస్తుంది. మీ ఉద్యోగం నిలబడుతుంది" అన్నాడు. మేమూ మోసపోయినవాళ్లమే కదండీ అన్నాను నేను. "డబ్బు కట్టి ఊరుకుంటే మోసపోయినవాళ్లు. నలుగురినీ చేర్పించి వాటా తీసుకుంటే ముద్దాయిలమ్మా. తెలియక చేశామంటే కోర్టు వింటుంది గాని, అంతమాత్రాన వదిలేయదు" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఇంటికి వచ్చే దారిలో లాయరు చెప్పిందే నయమనిపించింది. కన్నకొడుకు ఉద్యోగం కదా. "కాస్త ఆలోచించరా" అన్నాను. వాడు నడుస్తున్నవాడల్లా ఆగి నా వంక చూశాడు. "మీద కేసుంటే దానికి నర్సు ఉద్యోగం ఎవరిస్తారమ్మా? చేసింది నేనైతే మోసేది అదా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడి, "సంతకం మా ఆవిడదేనండి, కానీ తనకేమీ తెలియదు. మీటింగులు పెట్టింది నేను, మనుషుల్ని తెచ్చింది నేను, వాటా తిన్నది నేను" అన్నాడు. ఇది రాసుకుంటే మీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా అన్నాడాయన. "తెలుసండి. రాసుకోండి" అన్నాడు. మాట మాత్రం మార్చలేదు. వాడు బళ్లో ఫస్టు వచ్చినప్పుడు గాని, ఉద్యోగం వచ్చినప్పుడు గాని నాకు ఇంత గర్వం కలగలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా, వాడు నా కొడుకని చెప్పుకున్నాను.

ప్రస్తుతానికి సస్పెండు చేశారు. కేసులో వాడి పేరు చేరింది. లాయరు మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. మీ ఆయనేమో తను చేర్పించిన ప్రతివాళ్ల ఇంటికీ వెళ్లి, "ఫిర్యాదు పెట్టండి, అందులో నా పేరు కూడా రాయండి" అని చెప్పి వస్తున్నాడు. ఒకరిద్దరు తలుపు తీయలేదు. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టి, ఆ తర్వాత కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడట.

నీ పేరు ఇంకా తీసేయలేదు. నిన్ను కూడా పిలిచి అడుగుతారు. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. అంతా నాకు తెలిసే చేశాను, ఆయన తప్పేమీ లేదని మొగుణ్ణి వెనకేసుకొస్తావు. అలా చెప్పొద్దని వాడు మరీ మరీ రాయమన్నాడు. తెలిసింది తెలిసినట్టు చెప్పు. చదవకుండా సంతకం పెట్టానని కూడా చెప్పు, సిగ్గుపడకు. వాడి కోసం ఒక్క మాట తగ్గించి చెప్పమని అడగాలని నా కలం దాకా వచ్చింది. అడగను. అడిగితే వాడికి నా మొహం చూపించలేను.

ఇట్లు,
కొడుకు మాట విని నీ పక్షాన నిలబడ్డ
నీ అత్తయ్య