వేలికి పట్టని దర్భ ఉంగరం

బావా,

నా రాత కుదురుగా ఉండదు, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకు.

పోయిన నెల జగ్గయ్యపేటలో నీ తద్దినం నీ తమ్ముడు నరసయ్యే పెట్టాడు. దర్భ ఉంగరం అతని వేలి చివర దాటలేదు.

"ఇంట్లో నెయ్యి దండిగా పోస్తున్నట్టున్నారే!" అని పంతులుగారు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నీ ఉంగరం ఊడిరానప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. నువ్వు చిక్కిపోతున్నా, దగ్గుతున్నా క్వారీ దుమ్మే అనుకున్నాం. కళ్ళెలో రక్తం పడేదాకా ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

మర్నాడే నరసయ్యను నందిగామ తీసుకెళ్ళాను. డాక్టరుగారు ముందు గోళ్ళే చూశారు. వేలి చివరలు ఇలా ఉబ్బితే ఊపిరితిత్తుల్లో జబ్బు ఉండొచ్చన్నారు. ఛాతీకి ఎక్స్‌రే ఫిల్ము తీయించారు, రక్తం హైదరాబాదు పంపారు, ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించారు. అన్నీ వచ్చాక మళ్ళీ పిలిచారు.

"రక్తంలో క్యాన్సరు గుర్తు ఎక్కువుంది. అదొక్కటే చూసి చెప్పలేమండి. కానీ ముక్కలోనూ తేలింది, ఊపిరితిత్తిలో క్యాన్సరే. చిన్నదే, ఇప్పుడైతే కోసి తీసెయ్యొచ్చు" అన్నారు.

నరసయ్యకు కత్తి అంటే భయం. తిరిగొచ్చే బస్సులో నెమ్మదిగా అడిగాడు.

"అన్నయ్యుంటే ఏమనేవాడు బావా?"

"చేయించుకోరా అనేవాడు."

"అయితే సరే."

నిన్నడక్కుండా నీ మాటగా చెప్పేశాను. సోమవారం ఆపరేషను. నేను చెప్పింది తప్పయితే ఆలోపే జాబు రాయి.

నీ బావ